అరవై ఒకటో పేజీ

2023 నవంబర్ 5, ఆదివారం

పుస్తకాలు వచ్చాయి. మూడు వందలు. శ్రీకాకుళం ప్రెస్ నుంచి ధర్మేంద్ర ఆటోలో వేసి పంపాడు. ఆరు కట్టలు. ముందు గదిలో పెడితే చెప్పులు విడిచే చోటు లేకుండా పోయింది.

'రేవు చిట్టా'. అట్ట మీద నా పేరు వేరే ఎవరిదో అనిపించింది. పదకొండేళ్ళు పట్టింది. నేను పదో తరగతితో ఆపేసి నరసన్నపేట రైస్ మిల్లులో గుమస్తాగా చేరినవాణ్ణి. ఆదివారాలు బస్సెక్కి శ్రీకాకుళం లైబ్రరీకి వెళ్ళి పాత పుస్తకాల్లోంచి నోట్సు రాసుకున్నాను. 1866 కరువులో గంజి కేంద్రాల దగ్గర మనిషికి ఎంత పోసేవారో, వంశధార దాటే పడవకి ఎన్ని తెడ్లు ఉండేవో, అన్నీ చూసుకునే రాశాను.

మా ఆవిడ పార్వతి ఒక కాపీ తీసుకుని బియ్యం డబ్బా మీద పెట్టింది. తెరవలేదు. ఇన్నేసి ఎవులు కొంటారండీ అంది. ఏమో అన్నాను. కరువు కథేనా అంది. అవునన్నాను. ఈ పదకొండేళ్ళలో ఆమె అడిగింది అంతే. నేను చెప్పింది కూడా అంతే.

నవంబర్ 7, మంగళవారం

పన్నెండో పేజీలో సంవత్సరం తప్పు పడింది. అరవై ఆరు ఉండాల్సిన చోట ఎనభై ఆరు. రెండు సాయంత్రాలు కూర్చుని మూడు వందల కాపీల్లోనూ పెన్నుతో దిద్దాను. తప్పు మీద ఒక గీత, పక్కన సరైనది, దాని పక్కన పొట్టి సంతకం.

ధర్మేంద్ర ఫోన్లో నవ్వాడు. అతను నా స్నేహితుడి కొడుకు. ప్రెస్‌లో పెళ్ళి కార్డులు వేస్తాడు, ఏడాదికో రెండేళ్ళకో ఒక పుస్తకం. ఏటి బాబాయ్, ఇది పుస్తకమనుకున్నావా మిల్లు రిజిస్టరనుకున్నావా, వైట్‌నర్ ఎయ్యాలి గానీ గీతలు కొడతావా అన్నాడు. నేను చేరిన కొత్తలో పెద్ద గుమస్తా నేర్పిన పద్ధతి అది. చిట్టాలో తప్పు పడితే చెరపకూడదు. కింద ఏముందో కనబడుతూనే ఉండాలి. తప్పు చేసినవాడు పక్కన సంతకం పెట్టాలి. ఆ మాటే చెప్పాను. ఇంకా నవ్వాడు.

నవంబర్ 19, ఆదివారం

లైబ్రరీ హాల్లో ఆవిష్కరణ. పదకొండు మంది వచ్చారు. అందులో ఇద్దరు పేపరు చదవడానికి వచ్చినవాళ్ళు.

కథ ధర్మేంద్ర చెప్పాడు. నాకు మైకు ముందు మాట రాదు. కరువులో అప్పన్న అనే అతను గంజి కేంద్రం దగ్గర లెక్క రాసే పనిలో ఉంటాడని, గంజికి వచ్చిన ప్రతి మనిషి పేరూ రాయాలని, ఒకరోజు అతని కూతురు మరిడి ఆ జనంలో తప్పిపోతుందని, ఇక దొరకదని చెప్పాడు. కరువు పోయాక కూడా అప్పన్న రాయడం మానడు. ముప్ఫై ఏళ్ళు రేవులో కూర్చుని పడవ దిగే ప్రతి ఒక్కరి పేరూ అడిగి రాస్తూనే ఉంటాడు. ఏదో ఒక రోజు మరిడి అనే పేరు చెప్పే మనిషి దిగుతుందని.

వెనక కుర్చీలోంచి ఒకాయన, ఇందులో హీరోయిన్ లేదా అని అడిగాడు. ఉన్నాదండి, తప్పిపోయింది అన్నాడు ధర్మేంద్ర. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

డిసెంబర్ 3, ఆదివారం

పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. మంచి ప్రయత్నం అన్నారు. పేజీల సంఖ్య తప్పు వేశారు.

డిసెంబర్ 7, గురువారం

తుఫాను వాన. కళ్ళాల్లో ధాన్యం తడిసింది. రైతులు తడి బస్తాలు తెచ్చి మిల్లు ముందు దించుతున్నారు. పొద్దుటి నుంచి అరుపులు.

గున్నమ్మ చీపురు పట్టుకుని నా టేబుల్ దగ్గర నిలబడింది. ముప్ఫై ఏళ్ళుగా మిల్లులో గింజలు ఊడ్చే మనిషి. బాబూ, పుస్తకం రాసేవట, అందులో మా ఊరు ఉన్నాదా అంది. ఉంది, ఏటొడ్డున మీ ఊరు ఉంది అన్నాను. మంచిగా రాసేవా, సెడ్డగా రాసేవా అంది. కరువు రోజుల్లో ఉన్నట్టు రాశాను అన్నాను. అయితే ఇప్పటి లాగే రాసేవన్నమాట అని పోయింది.

ఇప్పటిదాకా వచ్చిన విమర్శల్లో ఇదే బాగుంది.

2024 జనవరి 8, సోమవారం

విజయనగరం నుంచి పత్రిక వచ్చింది. జగన్నాధం మాస్టారు మూడు పేజీలు రాశారు. హిస్టరీ లెక్చరర్‌గా రిటైరయ్యారు. ఈ జిల్లాల్లో పాత సంగతులు రాసేవాళ్ళకి ఆయనంటే భయం. కవరు విప్పడానికి నాకు గంట పట్టింది.

మొదటి పేజీ అంతా మంచి మాటలే. గంజి కేంద్రం గురించీ, పడవ గురించీ, గంజి కోసం మగ్గాలు అమ్ముకున్న నేతవాళ్ళ గురించీ రాసిన చోట్లు చదువుతుంటే తాను అక్కడ నిలబడినట్టే ఉందన్నారు. ఆ తర్వాత రెండు తప్పులు పట్టుకున్నారు.

ఒకటి, అరవై ఒకటో పేజీ. మరిడి పచ్చి వేరుశనక్కాయల కొసలు నొక్కి చెవులకు కమ్మల్లాగా తగిలించుకుంటుంది. కరువు నాటికి ఆ ఏటి ఒడ్డు పల్లెల్లో ఆ పంటే లేదట. ఈ ఒక్క కాయతో నవల మీద నమ్మకం సడలింది అని రాశారు.

రెండోది, నూట నలభై ఎనిమిది. జ్వరంతో ఉన్న మరిడి తండ్రి దగ్గరకొచ్చి చలేస్తోందని చెబుతుంది. అప్పన్న కలం దించకుండా, ఈ వరస అయిపోనీ అంటాడు. పిల్ల పక్కకి వెళ్ళి కూర్చుంటుంది. అదే ఆఖరిసారి కనబడటం. దీని గురించి మాస్టారు, కన్న తండ్రి ఎవడూ అలా అనడు, ఇది అసహజం, కథ కోసం రచయిత కల్పించిన క్రూరత్వం అన్నారు.

చివర్లో, దుఃఖం ఇంత పిచ్చిగా మారాలా, మూడు వందల పేజీలు ఒక మనిషి పేర్లు రాస్తూనే ఉంటే చదివేవాడు అలిసిపోతాడు అన్నారు.

నిజమే. రాసేవాడు కూడా అలిసిపోయాడు.

జనవరి 9, మంగళవారం

తెడ్ల లెక్క చూసుకున్నాను. గంజి కొలత చూసుకున్నాను. వేరుశనక్కాయ ఎందుకు చూసుకోలేదు?

మిల్లులో తూకం చీటీలు రాస్తుంటే తెలిసింది. అది పుస్తకాల్లోంచి తీసుకున్నది కాదు. పాతపట్నం దగ్గర మామగారి మెట్ట చేను. కాయలు పీకుతున్నారు. మా పెద్దమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. రెండు చెవులకీ రెండు కాయలు తగిలించుకుని తల ఊపుకుంటూ గట్టు మీద పరుగెత్తుకొచ్చింది. అమ్మా సూడు, కమ్మలు కొనుక్కున్నాను అంది. పార్వతి గట్టు మీద కూర్చుని అన్నం కలుపుతోంది. ఆ ముద్ద చేతిలో పట్టుకునే నవ్వింది.

భరణి.

ఈ పేరు రాసి ఇరవై మూడేళ్ళు దాటింది. పార్వతి దగ్గర నేను అనలేదు. నా దగ్గర ఆమె అనలేదు. గోడకి ఫోటో కూడా పెట్టలేదు.

నవలలో నేను పుట్టించినవన్నీ మాస్టారు నమ్మారు. రెండు మాత్రం నమ్మలేదు. ఆ రెండే నేను పుట్టించనివి. రెండోదాని గురించి ఈ రోజు రాయలేను.

జనవరి 21, ఆదివారం

శ్రావణి విజయనగరం నుంచి వచ్చింది. అక్కడ బీఎడ్ చదువుతోంది. అక్క పోయాక రెండేళ్ళకి పుట్టిన పిల్ల. అక్క ఉండేదని తెలుసు. అంతకన్నా తెలియదు.

పత్రిక దాని కంట పడింది. నాన్నని మూడు పేజీలు తిట్టేరమ్మా, వినూ అని వంటింటి గుమ్మంలో కూర్చుని పైకి చదివింది. పార్వతి బెండకాయలు కోస్తోంది. మంచి మాటలన్నీ అయ్యేదాకా కోస్తూనే ఉంది. వేరుశనక్కాయ దగ్గర కత్తిపీట మీద చెయ్యి ఆగింది. శ్రావణి చూసుకోలేదు. నేను చూశాను. సాల్లే, ఆపు అంది పార్వతి. అసలు తిట్టు ముందరున్నాదమ్మా అంది శ్రావణి. ఆపమన్నానా అంది.

సాయంత్రం చూస్తే బియ్యం డబ్బా మీద పుస్తకం లేదు.

జనవరి 24, బుధవారం

చదువుతోంది. మధ్యాహ్నాలు, నేను మిల్లులో ఉన్నప్పుడు. అయిదో తరగతి చదివిన మనిషి. అక్షరం మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతుంది. ఎంతవరకూ అయిందో గుర్తుకి అగ్గిపుల్ల పెడుతోంది. పుస్తకం దిండు పక్కన ఉంది. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు తెరిచి చూశాను.

పుల్ల పద్నాలుగో పేజీలో ఉంది.

జనవరి 28, ఆదివారం

మాస్టారు రమ్మని కబురు చేస్తే విజయనగరం వెళ్ళాను. మంచి మనిషి. పక్కన కూర్చోబెట్టుకుని, నగరేశ్వరరావు గారూ, ఏ కాలేజీ మెట్లూ ఎక్కకుండా ఇది ఎలా రాశారు అన్నారు. లైబ్రేరియన్ దయ అన్నాను. నా నోట్సు పుస్తకాలు తీసుకెళ్ళాను. ప్రతి పేజీ తిప్పి చూశారు. ఆయన కన్నా శ్రద్ధగా వాటిని ఇంకెవరూ చూడలేదు.

రెండో ముద్రణ వేద్దాం అన్నారు. ముందుమాట తాను రాస్తారట. తనకు తెలిసిన కాలేజీ వాళ్ళు రెండు వందల కాపీలు తీసుకునేలా చూస్తారట. రెండు మార్పులు చేస్తే చాలన్నారు. అరవై ఒకటిలో ఆ నాలుగు లైన్లు తీసేయాలి. నూట నలభై ఎనిమిదిలో పిల్ల మాట తండ్రికి వినబడకూడదు. అంత జనం, అంత గోల, ఆ గోలలో వినబడలేదని రాయండి, అప్పుడు చదివేవాళ్ళు అప్పన్న మీద జాలిపడతారు అన్నారు.

సరేనన్నాను. రెంటికీ.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎందుకో ఒళ్ళు తేలికయింది. వినబడలేదు. ఒక్క మాట. అలా రాసి, అచ్చు వేసి, కాలేజీ పిల్లలు చదివితే అలాగే జరిగినట్టు అయిపోతుందేమో అనిపించింది.

జనవరి 30, మంగళవారం

ధర్మేంద్ర ప్రూఫ్‌లు పంపాడు. ఫిబ్రవరి ఆఖరికి దిద్ది ఇవ్వాలి. బాబాయ్, ఇంక నువ్వు పెద్ద రైటరువి, ఫోన్ ఎత్తుతావో లేదో అన్నాడు.

పార్వతితో, తప్పులు లేకుండా కొత్త ప్రింట్ వస్తోంది, అది వచ్చాక చదువుకో, ఈ పాతది పారేయ్ అన్నాను. నా గొంతు నాకే బాగోలేదు. ఆమె నా వైపు చూసింది. మొదలెట్టేను కదండీ, ఇదే సదువుతాను అంది.

పుల్ల ముప్ఫై మూడు.

ఫిబ్రవరి 2, శుక్రవారం

నలభై ఆరు.

ఫిబ్రవరి 6, మంగళవారం

ప్రూఫ్‌లో అరవై ఒకటో పేజీ నాలుగు లైన్ల మీదా గీత కొట్టాను. నూట నలభై ఎనిమిదిలో 'వినబడలేదు' అని రాశాను. స్కేలు పెట్టి నీటుగా కొట్టాను. మిల్లులోనే, భోజనం వేళ.

గున్నమ్మ చూస్తోంది. దాని మనవరాలు ఆ పుస్తకం చదివి వినిపిస్తోందట. బాబూ, గంజికాడ పిల్లకి గోనె కప్పిన ముసిల్ది ఉన్నాది కదా, అది నేనే కదా అంది.

స్కేలు కింద పెట్టాను.

భరణి పాపకి గోనె కప్పింది నేనే కదా, మర్సిపోతానేటి, ఆ బస్తాల మీద ముడుసుకుని తొంగుంది, నువ్వు రాసుకుంతన్నావు అంది. ఏదో పాత వాన సంగతి చెప్పినట్టు మామూలుగా చెప్పి ఊడ్చుకుంటూ పోయింది.

ఇక రాసేస్తాను. ఎప్పుడో ఒకప్పుడు రాయాలి. 2000 మార్చి 29. ఏడాది లెక్కలు ముగించే రోజులు. పార్వతి అన్నం కేరేజీ ఇచ్చి భరణిని మిల్లుకి పంపింది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఎండలో నడిచి వచ్చింది. కేరేజీ టేబుల్ మీద పెట్టి, నాన్నా, చలేస్తంది అంది. ఎండలో వచ్చి చలేమిటి అనుకున్నాను. అంకె తప్పిపోతుందని తలెత్తలేదు. ఈ పేజీ అయిపోనీ అన్నాను. ఆ పేజీ అయింది. ఇంకో పేజీ అయింది. నాలుగున్నరకి చూస్తే ఒళ్ళు కాలిపోతోంది. శ్రీకాకుళం తీసుకెళ్ళాం. మెదడుకి ఎక్కిన జ్వరం అన్నారు. కొంచెం ముందొస్తే ఏమైనా చేసేవాళ్ళం అన్నారు. ముప్ఫై ఒకటిన పోయింది.

పార్వతికి చెప్పింది వేరు. సాయంత్రం దాకా బాగానే ఆడుకుంది, ఉన్నట్టుండి వచ్చింది అన్నాను. ఆమె ఏమనుకుందో నాకు తెలుసు. ఎండలో తను పంపబట్టి వచ్చిందనుకుంది. ఆ తర్వాత ఏ పిల్లనీ ఎండలో గుమ్మం దాటనివ్వలేదు. శ్రావణి పదో తరగతి దాకా గొడుగు లేకుండా బడికి వెళ్ళలేదు. పక్కింటి పిల్లలు నవ్వేవారు. నేను చూస్తూ ఊరుకున్నాను.

ఫిబ్రవరి 11, ఆదివారం

పుల్ల అరవై ఒకటిలో ఉంది. నాలుగు రోజులుగా అక్కడే ఉంది.

ఫిబ్రవరి 13, మంగళవారం

అరవై ఒకటి. పేజీ మూల కొంచెం నలిగింది.

ఫిబ్రవరి 16, శుక్రవారం

తొంభై ఎనిమిది. ఇప్పుడు తొందరగా చదువుతోంది.

పుస్తకం తీసుకెళ్ళి ఎక్కడైనా దాచేద్దామా అనుకున్నాను. ముందు గదిలో ఇంకా రెండు వందల అరవై ఉన్నాయి.

ఫిబ్రవరి 20, మంగళవారం

నూట నలభై ఆరు.

ఫిబ్రవరి 21, బుధవారం

మిల్లు నుంచి వచ్చేసరికి పుస్తకం మూసి ఉంది. అగ్గిపుల్ల పైన పడి ఉంది. పార్వతి పెరటి గుమ్మంలో కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు.

ఎన్ని గంటలకి అంది. తిరిగి చూడలేదు.

పన్నెండున్నర అన్నాను.

ఏటంది అంది. నాన్నా చలేస్తంది అంది అన్నాను. మీరేటన్నారు అంది. పేజీ అయిపోనీ అన్నానన్నాను. ఎన్నింటికి లేసేరు అంది. నాలుగున్నర అన్నాను. వేళ్ళ మీద లెక్క పెట్టింది. నాలుగు గంటలు అంది.

సాయంత్రం వచ్చిందని సెప్పేరు నాకు అంది. అవునన్నాను.

ఆ వేళ కేరేజీ నేనే అట్టుకొచ్చేస్తాననుకున్నాను, ఎండగా ఉన్నాదని దాన్ని పంపేను, ఎండ ఎక్కేసిందనుకున్నాను అంది. రోజూ అనుకున్నాను అంది. ఒక్క రోజు కూడా మాననేదండీ అంది.

గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆమె లేచి లోపలికి వెళ్ళింది.

ఫిబ్రవరి 22, గురువారం

కంచం పెట్టి వెళ్ళిపోతోంది. నేను తిన్నాక తీస్తోంది. పక్క శ్రావణి గదిలో వేసుకుంది.

ఫిబ్రవరి 25, ఆదివారం

శ్రీకాకుళం వెళ్ళలేదు. లైబ్రరీలో పని ఉన్నా లేకపోయినా ఆదివారం వెళ్ళే అలవాటు. ఇంట్లో కూర్చుంటే పనేమీ తోచలేదు. పుస్తకాల కట్టలు ఒక గోడ నుంచి ఇంకో గోడకి మార్చాను.

ఒక పాఠకుడు ఫోన్ చేశాడు. టెక్కలి నుంచి. నవల చదివాడట. ఆ అప్పన్న ఎవరితోనైనా ఒక్కసారి చెప్పుకుని ఉంటే ముప్ఫై ఏళ్ళు రేవులో కూర్చునే పని ఉండేది కాదు కదండీ అన్నాడు. అవునండి అన్నాను. మరెందుకు చెప్పించలేదు అన్నాడు. తోచలేదండి అన్నాను.

ఫిబ్రవరి 28, బుధవారం

రేపు ప్రూఫ్‌లు ఇవ్వాలి. ముందు గదిలో ముందేసుకుని కూర్చున్నాను. పార్వతి వచ్చి ఎదురుగా కింద కూర్చుంది. వారం తర్వాత.

ఏటవి అంది. కొత్త ప్రింట్ కాగితాలు అన్నాను. చేతిలోకి తీసుకుంది. వెతుక్కుని అరవై ఒకటి తీసింది. దీని మీద గీతలు కొట్టేరేటి అంది. ఆ రోజుల్లో ఆ పంట లేదట, జగన్నాధం మాస్టారు చెప్పారు అన్నాను. లేకపోతే లేదు, దీన్ని తియ్యకండి అంది. తప్పు కదా అన్నాను. తప్పయితే అవనీండి, పుస్తకం మొత్తంలో అది నవ్వింది ఇక్కడొక్కసోటే అంది.

తర్వాత నూట నలభై ఎనిమిది తీసింది. వేలు పెట్టి చదివింది. నేను రాసిన మాట దగ్గర వేలు ఆగింది. వినబడలేదు అని పైకి అంది. రెండుసార్లు అంది.

మీకు వినబడింది కదండీ అంది.

వినబడింది అన్నాను.

అయితే అదే ఉండాలి అంది. ఇది మార్సేస్తే నాకు మళ్ళీ ఎండే మిగుల్తాది అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండును. కాగితాలు వరస సరిచేసి నా ముందు పెట్టి లేచింది. వెళ్తూ వెళ్తూ, మీ మీద జాలి పడాలని రాసేరేటి అది అంది. జవాబు కోసం ఆగలేదు.

ఫిబ్రవరి 29, గురువారం

కొట్టేసిన మాటల కింద చుక్కలు పెడితే ఉంచమని అర్థం. ధర్మేంద్ర మొదటి ప్రూఫ్‌లప్పుడు నేర్పాడు. నాలుగు లైన్ల కిందా చుక్కలు పెట్టాను. నూట నలభై ఎనిమిదిలో నేను చేర్చిన మాట కొట్టేసి పాత వాక్యం కింద చుక్కలు పెట్టాను. అరవై ఒకటో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేయమని ఇది రాశాను: ఆ రోజుల్లో ఈ పంట ఇక్కడ లేదని పెద్దలు చెప్పారు. తప్పు నాది. తెలిసే ఉంచాను. దాని పక్కన పొట్టి సంతకం.

మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. కారణం ఏమిటన్నారు. చెప్పలేదు. తెలిసిన తప్పు ఉన్న పుస్తకానికి నేను ముందుమాట ఎలా రాస్తానండీ, కారణమైనా చెప్పండి అన్నారు. ఆయన అడిగిన తీరు మంచిదే. చెప్పాలనే నోరు తెరిచాను. రాలేదు. క్షమించండి అన్నాను. నొచ్చుకున్నారు.

ప్రూఫ్‌లు ఇవ్వడానికి శ్రీకాకుళం వెళ్తే ధర్మేంద్ర మాత్రం బస్టాండులోనే అరిచాడు. ఓ సెనక్కాయ కోసం కాలేజీ ఆర్డరు ఒదిలేసుకుంతావేటి బాబాయ్, నీకు గాని మతి పోయిందా అన్నాడు. వంద కాపీలు వెయ్యి చాలు అన్నాను. ప్రూఫ్ తీసి ఆ చిన్న అక్షరాలు చదివాడు. నా మొహం చూశాడు. టీ తాగుదాం రా అన్నాడు.

మార్చి 10, ఆదివారం

శ్రావణి వచ్చింది. వంటింట్లో పార్వతి దానికి భరణి గురించి చెబుతోంది. పేరు పెట్టే చెబుతోంది. బెల్లం దొంగిలించినప్పటిది, మేనమామ సైకిల్ మీంచి పడిపోయినప్పటిది. అయ్యబాబోయ్ నిజంగానా అమ్మా అంటోంది శ్రావణి.

నేను ముందు గదిలో కూర్చున్నాను. నన్ను పిలవలేదు.

మార్చి 17, ఆదివారం

కొత్త కాపీలు వచ్చాయి. ఒకటి మాస్టారికి పోస్టు చేశాను. ఒకటి గున్నమ్మ మనవరాలికి ఇచ్చాను. పార్వతి ఒకటి తీసుకుంది. పాతదాన్నీ పారేయలేదు. పక్క ఇంకా శ్రావణి గదిలోనే.

మార్చి 29, శుక్రవారం

మిల్లుకి వెళ్ళలేదు. ఈ తేదీన వెళ్ళకపోవడం ఇదే మొదలు.

పార్వతి పొద్దున్నే పాతపట్నం బస్సెక్కింది. ఎందుకని అడగలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో, గొడుగు లేకుండా, సంచితో దిగింది. పచ్చి వేరుశనక్కాయలు. వేళ్ళకి ఇంకా మట్టి ఉంది.

రెండు ఏరింది. ఒకదాని కొస నొక్కి తన చెవికి పెట్టుకుంది. రెండోది నా ఎడమ చెవికి పెట్టింది.

కాయ గట్టిగా పట్టింది. నొప్పిగా ఉంది. ఇది రాస్తున్నప్పుడు కూడా తీయలేదు.